గజపతి జిల్లాలో ఒక ఇంటి ముంగిలి: లాన్ తీసి నాటు మొక్కలు వేసిన నాలుగేళ్ల కేసు

పర్లాకిమిడి చుట్టుపక్కల, అటు పాతపట్నం నుంచి ఇటు కాశీనగర్ దాకా, ఇళ్ల తోటల పని చేస్తుంటాను. ప్లాన్ గీయడం, మొక్కలు నాటించడం, ఆ తర్వాత కనీసం ఏడాది చూసుకోవడం నా పని. ఈ కేసులో రెండుసార్లు తప్పు నిర్ణయం తీసుకున్నాను. ఒకటి ఆ రోజుకి అదే సరైనదని నమ్మి, ఇంకొకటి కాదనలేక. ఇదే పనిలో ఉన్న మిగతా వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. ఇంటివారి అనుమతి ఉంది. వీధి, పేర్లు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

ఇల్లు, నేల

రిటైరైన దంపతులు. ఆయన టీచరుగా చేశారు, వీధిలో అందరూ మాస్టారూ అనే పిలుస్తారు. పిల్లలు దూరంగా ఉద్యోగాల్లో ఉన్నారు, సంక్రాంతికి, వేసవి సెలవులకి మనవలతో వస్తారు. సరిహద్దు ఊరు కాబట్టి ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, సంతలో రెండూ. తోటపనికి వచ్చే ఆమెది కొండ కింద సవర పల్లె. ఆమెతో మాటలు మూడు భాషలు కలిపి నడుస్తాయి.

ఇంటి ముందు ఖాళీ సుమారు ఎనిమిది సెంట్లు, 3,500 చదరపు అడుగులు. ఒకప్పుడు అక్కడ పెద్ద మామిడి, ఒక తురాయి ఉండేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను రాత్రి రెండూ కూలాయి. తురాయి మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టు, వేళ్లు పైపైనే పాకుతాయి కాబట్టి గట్టి గాలికి అది పడటంలో ఆశ్చర్యం లేదు. మామిడి పోయినందుకు మాత్రం ఆ ఇల్లు చాలా రోజులు బాధపడింది. నీడ పోయి బోసిపోయిన ఆ నేల చూడలేక, మరుసటి ఏడాది వానాకాలం కొడుకు ఒక కాంట్రాక్టరుతో మాట్లాడి కడియం నర్సరీల నుంచి గడ్డి పలకలు తెప్పించి లాన్ వేయించాడు. మొదటి ఏడాది బాగుంది. వీధిలో వాళ్లు ఆగి చూసి వెళ్లేవారట.

నన్ను పిలిచినప్పుడు

2021 మే నెల. ఫోన్‌లో మాస్టారు ఒక్కటే అడిగారు: "గడ్డి ఎందుకు పండిపోతోంది? మందు ఏదైనా ఉందా?" వెళ్లాక అమ్మగారు పక్కకి పిలిచి ఇంకొకటి చెప్పారు. పొద్దున్నే గడ్డికి మోటారు వేస్తే పది గంటలకి బోరు గాలి కొడుతోంది, ఇంట్లో వాడకానికి నీళ్లు సాయంత్రం దాకా ఆగాల్సి వస్తోంది. మాస్టారికి మోకాళ్ల నొప్పులు, పైపు పట్టుకుని గంటన్నర నిలబడుతున్నారు. ఆయన ఈ మాట నాతో అనలేదు.

ఆ రోజు నేను ఆయన అడిగిన సమస్య రాసుకున్నాను. ఆమె చెప్పింది రాసుకోలేదు. ఈ కేసులో ఆలస్యమంతా అక్కడే మొదలైంది.

గునపం తెప్పించి లాన్ మధ్యలో అడుగు లోతు గొయ్యి తీశాను. పై మూడు అంగుళాలు నల్లటి చెరువు మట్టి. దాని కింద ఇల్లు కట్టినప్పటి ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, లారీ చక్రాలకి అణగారిన ఎర్రమట్టి. గడ్డి వేళ్లు ఆ మూడు అంగుళాల అడుగున, గీత గీసినట్టు ఆగి పక్కకి తిరిగాయి. గొయ్యి నిండా నీళ్లు పోస్తే రెండు గంటల తర్వాత కూడా సగం అలాగే ఉన్నాయి. ఆ గడ్డి నేల మీద బతకడం లేదు, పళ్లెంలో పోసిన మట్టి మీద బతుకుతోంది. వానాకాలంలో పళ్లెం నిండిపోయి వేళ్లు కుళ్లుతాయి, మేలో ఒక్కరోజుకే ఎండిపోతుంది.

ఆ గోతి గోడలో కనిపించిన రెండోది తుంగ. చెరువు మట్టితోనే వచ్చి ఉంటుంది. ఒక మొక్క పట్టుకుని మెల్లగా మట్టి రాలుస్తూ పోతే సన్నని దారం లాంటి వేరు, దాని చివర శనగగింజంత నల్లటి గడ్డ, అక్కడి నుంచి ఇంకో దారం, ఇంకో గడ్డ. పూసల దండలా ఒకదాని వెంట ఒకటి. అరచేతిలో పెట్టుకుని లెక్కపెడితే ఒక్క మొక్కకి తొమ్మిది. పైన ఆకు పీకితే దారం తెగుతుంది, గడ్డలన్నీ లోపలే ఉండి మళ్లీ మొలుస్తాయి. రెండేళ్లుగా మాస్టారు రోజూ పొద్దున్న చేస్తున్నది ఆ పీకడమే.

నీళ్ల లెక్క కూడా అక్కడే వేశాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. 3,500 చదరపు అడుగులంటే 325 చదరపు మీటర్లు. మా వైపు మే ఎండకి లాన్ పచ్చగా ఉండాలంటే రోజుకి 5 మిల్లీమీటర్లు వేసుకోవాలి. అంటే 1,600 లీటర్ల పైమాట. ఇద్దరు మనుషులున్న ఇంటికి ఇది పెద్ద ఖర్చు. మా ప్రాంతంలో ఏడాదికి 1,200 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది, కానీ అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే. నీళ్లు కావలసిన నెలల్లో ఆకాశం నుంచి వచ్చేది చాలా తక్కువ.

మొదటి ప్రయత్నం: లాన్‌నే బాగుచేయడం

ఈ లెక్క చేతిలో ఉండి కూడా లాన్ తీసేద్దామని ఎందుకు అనలేదని ఇప్పుడు అడిగేవాళ్లున్నారు. ఆయన అడిగింది గడ్డి బతకడం. మామిడి పోయిన చోట కొడుకు ఇష్టపడి వేయించిన గడ్డి అది. మనవలు ఆడుకునేది దాని మీద. మొదటిరోజే పీకేద్దామంటే నా మాట అక్కడితో చెల్లేది కాదు. అందుకే ఒక సీజన్ ప్రయత్నిద్దామన్నాను. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోను.

కోత ఎత్తు అంగుళం నుంచి రెండున్నర అంగుళాలకి పెంచాం, ఎత్తుగా ఉన్న గడ్డి తన వేళ్లకి తానే నీడ ఇస్తుంది. ఇనుప చువ్వలతో నేలంతా పొడిచి ఆ కన్నాల్లో ఇసుక, చివికిన గత్తం నింపాం. రోజూ కొంచెం కాకుండా వారానికి రెండుసార్లు లోతుగా తడపమన్నాను. మంచి నేలలో ఇది పనిచేస్తుంది. ఇక్కడ చేయలేదు. లోతుగా పోసిన నీరు ఆ గట్టి పొర దాటి దిగదు కదా, పక్క వాలుకి జారి కాలువలో కలిసేది. ఇసుక నింపిన కన్నాల దగ్గర మాత్రం గుప్పెడు గుప్పెడు పచ్చదనం మిగిలింది. 2022 మార్చికి మళ్లీ మొదటికే వచ్చాం. వానల్లో ప్రతి ఎనిమిది పది రోజులకి కోత, కలుపుకి వారానికి రెండు కూలిదినాలు. గడ్డి తగ్గింది, పని పెరిగింది.

రెండో ప్రయత్నం: తక్కువ పని అని వేసిన తీగ

అప్పుడు నేను వెడీలియా సూచించాను. పసుపు పూల తీగ, నర్సరీల్లో కుండీ పది రూపాయలకి కూడా దొరికేది. కోత అక్కర్లేదు, ఎండకి ఓర్చుకుంటుంది, మూడు నెలల్లో నేల కప్పేస్తుంది. అప్పటికి నాలుగైదు చోట్ల రోడ్డు వార వేసి ఉన్నాను. మాస్టారి మోకాళ్ల సంగతి తెలిశాక నా మనసంతా తక్కువ పని అనే మాట మీదే ఉంది. ఈ మొక్క ఎక్కడిది, దీన్ని ఆపేది ఏమిటి అని అడగలేదు. మధ్య అమెరికా నుంచి వచ్చిన మొక్క అది. మన దగ్గర దాన్ని ఆపేదేదీ లేదు.

2022 జూన్‌లో నాటితే సెప్టెంబరుకి మోకాలెత్తు పరుపు. చూడ్డానికి బాగుంది, మాస్టారు సంతోషించారు. పక్కింటి కాలువ గట్టు మీదకి కూడా పాకింది. అక్టోబరులో ఒకరోజు తోటపని ఆమె అంచులు కత్తిరిస్తుంటే చేతికి రెండడుగుల దూరంలో ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస వినిపించింది. రక్తపింజరి. కింద ఎలుకల బొరియలు, పైన చీకటి కప్పు, దానికి అంతకంటే ఏం కావాలి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మగారు మర్నాటి నుంచి పూలు కోయడానికి కూడా ఆ వైపు వెళ్లడం మానేశారు.

నవంబరు, డిసెంబరు రెండు నెలలు పట్టింది తీయడానికి. ప్రతి కణుపుకీ వేళ్లుంటాయి. వేలెడు ముక్క నేల మీద మిగిలినా మొలుస్తుంది. పీకిందంతా టార్పాలిన్ మీద ఎండబెట్టి కాల్చాం, పెంటకుప్పలో వేయనివ్వలేదు. ఆ కూలి నేనే భరించాను.

తక్కువ పని మొక్క, నాటు మొక్క ఒకటి కావని నాకు తెలుసు. కానీ తెలిసిన విషయాన్ని ప్రశ్నగా మార్చుకుని ఆ రోజు అడగలేదు. ఇప్పుడు ఏ మొక్క గురించైనా ముందు రెండు అడుగుతాను: నేను చూసుకోవడం మానేస్తే ఇది ఏడాదిలో ఎక్కడిదాకా వెళ్తుంది? దీని కింద ఏమి కనబడకుండా పోతుంది?

మూడో ప్రయత్నం, తప్పు నెలలో

ఈసారి నాటు మొక్కలే అనుకున్నాం. తంగేడు, నందివర్ధనం, పారిజాతం, వావిలి, అడ్డసరం. ఎంపిక సరైనదే. అయితే 2023 ఉగాదికి ఇంటి పై అంతస్తు గృహప్రవేశం పెట్టుకున్నారు, ముందు ఖాళీ బోసిగా ఉంటే బాగోదన్నారు. ఉగాది మార్చి 22. నేను వద్దనాలి. వెడీలియా విషయంలో అప్పటికే వాళ్లకి బాకీ ఉన్నట్టు అనిపించేది, అందుకే కాదనలేకపోయాను. అరవై మొక్కలు నాటాం. మే చివరికి పంతొమ్మిది మిగిలాయి.

నాటు మొక్కకి నీళ్లక్కర్లేదని చాలామంది అనుకుంటారు. వేరు దిగాక అక్కర్లేదు. నర్సరీ సంచిలోంచి తీసిన మొక్కకి వేరు ఆ సంచి అంతే ఉంటుంది, దాని పేరు తంగేడైనా సరే. పైగా ఇక్కడ కింద గట్టి పొర అలాగే ఉంది. చచ్చిన మొక్క ఒకటి పీకి చూస్తే సంచి ఆకారం చెదరకుండా వచ్చింది, ఒక్క వేరు కూడా బయటి మట్టిలోకి పోలేదు. మాస్టారు ఏమీ అనలేదు. "మీ నాటు మొక్కలు కూడా లాన్ లాంటివే" అని ఒక్కమాట అన్నారంతే.

చవితి పత్రి

జూన్ మొదటివారంలో వెళ్లి పని మానేస్తానని చెప్దామనుకున్నాను. అమ్మగారు కాఫీ ఇచ్చి, "పోనీ, చవితి పత్రికి పనికొచ్చే మొక్కలైనా వెయ్యి బాబూ. ఏటా బజారులో ఏదో ఆకు కట్ట కట్టి ఇచ్చేస్తున్నారు, ఏది మాచిపత్రో ఏది కాదో తెలీటం లేదు" అన్నారు. వేళ్ల మీద లెక్కపెడుతూ ఇరవై ఒకటీ చెప్పేశారు. నేను రాసుకున్నాను. ఆవిడ మొదటిరోజు చెప్పిన మాట రాసుకోని లోటు ఆ రోజు కొంత తీరింది.

ఆ కాగితమే ప్లాన్ అయింది. అప్పటిదాకా నేను నాటు మొక్కలు అంటుంటే వాళ్లకి వినపడింది అడవి, పిచ్చిమొక్కలు. పత్రి అనేసరికి అవే మొక్కలు ఇంటివయ్యాయి. మారేడు, వావిలి, తులసి, జిల్లేడు, జాజి, విష్ణుక్రాంతం, గరిక ఉంచాం. ఉత్తరేణి నాటక్కర్లేదు, గోడ వారన దానంతటదే వస్తుంది. రావి, మద్ది జాబితాలోంచి కొట్టేశాను, ఎనిమిది సెంట్లలో గోడ పక్కన వేసే చెట్లు కావు. దేవదారు హిమాలయాలది. ఉమ్మెత్త, గన్నేరు విషం, మనవలు వచ్చే ఇల్లు. దానిమ్మ అసలు మన నేలది కాదు, అయినా అమ్మగారికి ఇష్టమని వేశాం. అది పాకదు, పక్కవాడి పొలంలో మొలవదు. వెడీలియాతో ఇబ్బంది అది పరాయిది కావడం ఒక్కటే కాదు, అదుపులో ఉండకపోవడం.

ఆ తర్వాత మొక్కలు పక్కనపెట్టి మనుషుల గురించి అడిగాను. ఎవరు ఎక్కడ నడుస్తారు? ముగ్గు ఎక్కడ పెడతారు? పిల్లలు ఎంతమేర పరిగెడతారు? వారానికి ఎన్ని గంటలు, ఎవరి చేతులు? జవాబు స్పష్టంగా వచ్చింది. తోటపని ఆమె వారానికి ఒక పూట, అంతే. మాస్టారు పని చేయకూడదు, కుర్చీ వేసుకుని చూడాలి.

దాన్ని బట్టి నేల పంచాం. గేటు నుంచి వరండా దాకా మూడొందల చదరపు అడుగులు వాకిలి. కళ్లాపి చల్లే మట్టి నేల, అక్కడ ఏ మొక్కా లేదు. పిల్లలకి ఐదొందల చదరపు అడుగులు గరిక, చెరువు గట్టు నుంచి తెచ్చిన మామూలు గరికే. ఆ కాస్త మేర మాత్రం గట్టి పొరని పూర్తిగా తవ్వి తీయించాను. ఇంటి గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున కంకర, అందులో ఏదీ మొలవనివ్వం. పాము అక్కడ దాగలేదు, దాటితే కనిపిస్తుంది. మిగిలిన దానిలో పొదలు, వాటి మధ్య రెండడుగుల దారులు, ఏ పొదకీ నేల నుంచి అడుగు ఎత్తు దాకా కొమ్మలు లేకుండా కత్తిరింపు. కొందరు దీన్ని అసహజం అంటారు. ఒకసారి ఆ బుస విన్న ఇంట్లో అంతకంటే వేరే దారి లేదు.

పొదల కింద నేలంతా బాగుచేయలేదు, చేయక్కర్లేదు. ప్రతి మొక్కకీ రెండడుగుల గొయ్యి తీసి, అడుగున గునపంతో గట్టి పొర పగిలేదాకా పొడిపించాను. నీళ్లు పోసి అరగంటలో ఇంకితేనే మొక్క. లేకపోతే మళ్లీ పొడవడం. వాన రెండుసార్లు బాగా పడ్డాక, జులై రెండోవారంలో నాటాం. నేను పాదులు చేయిస్తుంటే తోటపని ఆమె ఆగి, "కొండ మీద పాదులు ఎవలు చేస్తన్నారు బాబూ? రాయి పక్కన మొలిసినదే బతుకుద్ది" అంది. నిజమే, రాయి కింద మట్టి తడి ఆరదు. చాలా మొక్కలకి పడమర పక్కన ఒక్కో చదునైన రాయి పెట్టాం, కుప్పగా కాదు, ఒక్కటే. మరుసటి వేసవికి రాయి ఉన్నవాటికీ లేనివాటికీ తేడా కంటికి తెలిసింది. ఇప్పుడు నా ప్రతి తోటలో ఈ పద్ధతే.

అంచులకి ఇటుక వరస ఒకటి కట్టించాను. ఖర్చు తక్కువ, ఫలితం చాలా ఎక్కువ. అప్పటిదాకా "ఇల్లు పాడుబెట్టేసారేటి మాస్టారూ" అన్న వీధివాళ్లు, ఆ ఇటుక గీత పడ్డాక ఆ మాట అనలేదు. లోపల ఉన్నవి అవే పొదలు.

తర్వాత రెండేళ్లు

మొదటి ఏడాది పని తగ్గలేదు. ఇది ముందే చెప్పాను, కాగితం మీద రాసి ఇచ్చాను కూడా. వానల్లో ఖాళీ మట్టి మీద వయ్యారిభామ, తుంగ పోటీపడి లేచాయి. రాలిన ఆకులు, ఎండుగడ్డి నాలుగు అంగుళాల మందాన పరుస్తూ పోయాం. తుంగకి నీడ పడదు. పొదలు కలిసేకొద్దీ దానంతటదే పలచబడింది.

2023 అక్టోబరులో ఒక ఉదయం మాస్టారు టెన్షన్‌గా ఫోన్ చేశారు: మారేడు మొక్కని పురుగు తినేస్తోంది, మందు కొట్టమంటారా? వెళ్లి చూశాను. లేత ఆకు మీద పిట్ట రెట్ట లాంటి మచ్చ, నలుపు మీద తెలుపు. వేలితో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికొచ్చి పుల్లటి ఘాటు వాసన. నిమ్మజాతి మొక్కల మీద పెరిగే సీతాకోకచిలుక పిల్ల అది. ఇంకాస్త పెద్దదైతే ఆకుపచ్చగా మారిపోతుంది. మందు వద్దు, చిగురు మళ్లీ వస్తుంది, పది రోజులు చూడండి అన్నాను. ఆయన కుర్చీ దాని పక్కకి జరిపించుకున్నారు. కొమ్మకి దారంతో కట్టుకున్న గూడు చీలి రెక్కలు విచ్చుకోవడం తాను చూశానని తర్వాత చెప్పారు. పొద్దున్నే తుంగ పీకే అలవాటు ఆ తర్వాతే పోయింది.

2024 వేసవిలో పొదలకి నాలుగు రోజులకోసారి నీళ్లు, 2025లో పది పన్నెండు రోజులకోసారి. గరికకి రోజూ తడిపితే 230 లీటర్లు సరిపోతాయి. కానీ మే నెలలో దాన్ని ఎండనిమ్మన్నాను. ఎండింది, చాపలా అయింది, పిల్లలు దానిమీదే ఆడుకున్నారు. మొదటి వానకి వారంలో పచ్చబడింది. బోరు గాలి కొట్టడం ఆగింది. దానికి లాన్ తీయడం ఒక్కటే కారణమని అనను, ఆ ఏడాది వానలు కూడా అనుకూలించాయి. తోటపని ఇప్పుడు వారానికి ఒక పూట. కత్తిరింపుకి మాత్రం ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందు, దసరా వెళ్లాక, రెండేసి రోజులు పడుతుంది.

ఈ కేసు తర్వాత నా మొదటి విజిట్ మారింది. గొయ్యి తీయకుండా, నీళ్లు పోసి చూడకుండా ఏ మాటా ఇవ్వను. ఇంట్లో ఉన్న ప్రతి పెద్దమనిషితో విడివిడిగా మాట్లాడతాను, ముఖ్యంగా వంటింట్లో నీళ్లు వాడే మనిషితో. మార్చి నుంచి మే దాకా నాటను, గృహప్రవేశమైనా పెళ్లయినా సరే. కుండీలు అద్దెకి తెచ్చి వరసగా పెడతాను, వేడుక అయ్యాక తిరిగి ఇచ్చేస్తాను. లాన్ కావాలన్న వాళ్లకి లాన్ వద్దని చెప్పను. ఎన్ని అడుగుల మీద నిజంగా కాళ్లు పడతాయో కొలిచి, అంతమేరకే వేస్తాను.

తేలనివి రెండు మిగిలాయి. ఈశాన్య మూల, పక్కింటి గోడ నీడలో, పొదలేవీ కుదురుకోవడం లేదు. మూడుసార్లు మార్చాం. ఇప్పుడు లిప్పియా పరిచి చూస్తున్నాం, కాలువ గట్ల మీద తడి ఉన్న చోట చిన్న తెల్లపూలతో పాకేది. అది నేలకి అంటుకునే ఉంటుంది, ఎత్తుగా లేవదు, కింద ఏదీ దాగదు. ఇక కాలువ గట్టు మీద వెడీలియా. ఏటా మొదటి వానలు పడిన వారానికి నేనూ తోటపని ఆమె వెళ్లి ఆ గట్టంతా వంగి వెతుకుతాం. 2024లో పదకొండు మొలకలు దొరికాయి. 2025 జూన్‌లో రెండు. వచ్చే వానలకి మళ్లీ వెళ్తాం.